బస్సులో తొట్టెల పండుగ

ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉన్న ట్రాఫిక్‌ను దయచేసి ఎవరూ తగ్గించకండి! అంతకు మించిన ఫంక్షన్ హాల్ ఈ పట్నంలో లేదు. కిరాయి లేదు. బ్యాండు మేళం ఫ్రీ.

నమ్మరా?

మొన్న కొత్తపేటలోని మా ఇంట్లో మనవరాలికి పేరు పెట్టే తొట్టెల పండుగ. పాప చెవిలో పేరు చెప్పాల్సింది నాయనమ్మ, అంటే మా వియ్యపురాలు కౌసల్యమ్మ. ఆమె ఇంకా బిడ్డను కళ్లారా చూడనేలేదు. పొద్దున్నే నకిరేకల్‌లో బస్సెక్కి, ఎల్బీనగర్ రాగానే ఫోన్ చేసింది, వచ్చేసినట్టేనని. మా ఆవిడ అరుణజ్యోతి అన్నం వార్చేసింది.

అన్నం చల్లారింది. ముహూర్తం ముంచుకొచ్చింది. మళ్లీ ఫోన్ చేస్తే, కిటికీలోంచి ఇంకా అదే చెప్పుల దుకాణం కనబడుతోందని, దుకాణదారుతో చుట్టరికం కూడా కలిసిందని చెప్పింది.

"ఆమె ఒస్తదని కూసుంటే పిల్లకు పెండ్లీడొస్తది. మనమే పోదాం పా," అంది మా ఆవిడ.

పాపతో, మా అమ్మాయితో కలిసి నడిచాం. ఫుట్‌పాత్ మీద బండ్లు పెట్టారు కనుక బైకుల మధ్య నుంచి నడిచాం. కార్లన్నిటినీ ఓవర్‌టేక్ చేసి ఆమె ఉన్న బస్సెక్కాం.

కౌసల్యమ్మ పాపను ఒళ్లోకి తీసుకుని పాదాలు కళ్లకద్దుకుంది. తర్వాత చెవిలో పేరు చెప్పింది. వెనక లారీ హారన్ కొట్టింది. మళ్లీ చెప్పింది. ఈసారి టెంపో కొట్టింది. చివరికి బస్సంతా కలిసి "వెన్నెల" అని అరిచింది. కండక్టర్ అక్షింతలు లేవని మరమరాలు చల్లాడు. సొంతిల్లయితే ఇంతమంది దీవించేవారా?

సరిగ్గా అప్పుడే, ఏళ్లుగా కదలని ఆ రోడ్డు కదిలింది! మళ్లీ ఈ అదృష్టం దొరకదని డ్రైవర్ కొత్తపేటలో ఆపకుండా దిల్‌సుఖ్‌నగర్ దాకా తోలాడు.

దిగి చూస్తే అవతలి వైపు మా ఇంటికి వెళ్లే దారి నిండిపోతోంది. సాయంత్రం బర్రెలు పిండాలి, మరి ఇప్పుడు మీ ఇంటికొస్తే తిరిగి పోయేదెట్ల అని కౌసల్యమ్మ బెంగపడింది. ఇంతలో నకిరేకల్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. కొత్తపేటలో ఆగదట. ఆమెకు పెట్టాలని కొన్న చీర ఇంట్లోనే ఉంది.

"పిల్లను సూసిన గద అన్నయ్యా, సాలు," అంటూ పాపను నా చేతుల్లో పెట్టింది. బస్సెక్కాక కూడా కిటికీలోంచి పాప కాలు పట్టుకునే ఉంది, బస్సు కదిలేదాకా.

ఆ బస్సు దాటిపోగానే వెనక దారి పూర్తిగా మూసుకుపోయింది. మేం ఆటో ఎక్కాం. చైతన్యపురిలో ఉండగా ఫోన్ మోగింది.

"ఇల్లు జేరిన అన్నయ్యా. మీరు జేరిండ్రా?"

చేరామని చెప్పాను. చుట్టూ హారన్లు మోగుతున్నాయి. అవి ఆమెకూ వినబడే ఉంటాయి. పాపకు పాలు పట్టమని చెప్పి పెట్టేసింది.