బిషప్ గారి కుడిచెయ్యి

బిషప్ గారి కుడిచెయ్యి ఈ ఏడాది కూడా ఖాళీగా లేదని, ఆయన కింది సంఘాలన్నిటినీ నడిపే అధ్యక్ష మండలం నుంచి నార్సింగి సంఘానికి ఉత్తరం వచ్చింది. దాన్ని గుడి తలుపుకు అంటించే బాధ్యత గంట కొట్టే బాలనర్సయ్యది. నాలుగు మూలలా బంక సమంగా పూసి అంటించాడు.

ఆ చెయ్యితో అతనికి సొంత పని ఉంది. భార్య పార్వతమ్మకు బాప్తిస్మం అయింది గాని కన్ఫర్మేషన్ కాలేదు. ముప్ఫై ఏళ్ల కిందట అప్పటి బిషప్ జీపులో వచ్చిన రోజు ఆమె నాట్లకు పోయింది. కన్ఫర్మేషన్‌లో బిషప్ చెయ్యి తలమీద పడనిదే, ఆదివారం బల్ల దగ్గర ఇచ్చే సంస్కారపు రొట్టె నోట్లో పడదని నియమం. పాస్టరు చెయ్యి దానికి చాలదు. అందుకని వారమంతా గుడి ఊడ్చి, బల్ల మీది తెల్లగుడ్డ ఉతికే పార్వతమ్మ, ఆదివారం అందరూ ఆ బల్ల దగ్గరికి నడుస్తుంటే వెనక చాప మీద కూర్చుని చెప్పులకు కాపలా కాసేది. గుండెజబ్బు ముదిరాక ఆమెకు ఒకటే కోరిక మిగిలింది.

"పొయ్యేలోపల ఒక్కపాలి ఆ రొట్టె తినాలె. ఎట్లుంటదో ఏమో."

"నేను తింటలేనా? ఉప్పు గూడ ఉండదు."

"నీకు ఏది పెట్టినా ఉప్పుండదు."

బిషప్ గారు అసలు రాలేదనడం అన్యాయం. రెండుసార్లు దయచేశారు. మొదటిసారి పన్నెండు సంఘాల వారు పన్నెండు శాలువాలు కప్పారు. పదమూడోది కారు డ్రైవరుకు కప్పేసరికి, కొండాపూర్‌లో మరో గుడికి రిబ్బను కత్తిరించే వేళయింది. రెండోసారి, "నేను మీ పాదాలు కడగవచ్చిన దాసుణ్ని, నాకు గౌరవాలు వద్దు!" అని నలభై నిమిషాలు ప్రసంగించారు. ఆ చెయ్యి కోసం మోకరించి ఉన్న పార్వతమ్మ కాళ్లు పట్టేశాయి. ఆమె లేచేసరికి దాసుడి కారు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కింది.

వెంట వచ్చిన, బిషప్ తరఫున సంఘాలు తనిఖీ చేసే ఆర్చ్‌డీకన్ గారు మాత్రం ఆగారు. ఆర్చ్‌డీకన్ అంటే బిషప్‌కు కన్ను అని పూర్వాచారం. ఆ కన్ను గుడి కప్పు కురిసే చోటు చూసింది, పార్వతమ్మను చూసింది, రెంటినీ డైరీలో రాసుకుంది.

"ఈసారి మొట్టమొదటి పేరు నీదేనమ్మా. ఇది నా మాట," అన్నారు.

ఆ మాట పట్టుకుని ఆమె ఏడు నెలలు బతికింది. జూన్‌లో పోయింది. సంతాప సందేశం ఫోనుకు వచ్చింది. అందులో బిషప్ గారి ఫొటో ఉంది.

సెప్టెంబరులో అధ్యక్ష మండలం ఎన్నికలు వచ్చాయి. కన్ఫర్మేషన్ అయినవారికే ఓటు. బిషప్ గారి చెయ్యి ఖాళీ అయింది. ఒక్క మధ్యాహ్నం గంటన్నరలో రెండు వందల పదకొండు తలలు పూర్తిచేసింది. పుప్పాలగూడ ఫ్లాట్ల నుంచి బస్సుల్లో తెచ్చినవారిలో కొందరు శఠగోపం అనుకుని భక్తిగా వంగారు. ఆర్చ్‌డీకన్ గారి వర్గం ఘనంగా గెలిచింది.

ఓటు వేసినవారి జాబితా బాలనర్సయ్య చేతికి వచ్చింది. ఒకటో నంబరు: పార్వతమ్మ, భర్త బాలనర్సయ్య. కన్ఫర్మేషన్ అయింది. ఓటు వేసింది.

ఆర్చ్‌డీకన్ గారు మాట తప్పలేదు. బాలనర్సయ్య బంక పూసి అంటించాడు.

ఆ ఆదివారం బల్ల దగ్గర మోకరించి రెండు అరచేతులు విడివిడిగా చాపాడు. పాస్టరు భాస్కర్ గారు ఒకదాంట్లో రొట్టె పెట్టారు. రెండోది అట్లాగే ఉంది.

"అదెవరికి?"

"పార్వతమ్మకు."

"చనిపోయినవాళ్లకు సంస్కారం ఉండదు, బాలనర్సయ్యా."

"ఓటుంటది గద, అయ్యగారూ."

పాస్టరు గారు ఆర్చ్‌డీకన్ గారి వైపు చూశారు. బిషప్ కన్ను ప్రార్థనలో మూసుకుని ఉంది.

"జర జల్దీ కానియ్ పెద్దాయనా, లైన్ ఆగిపోయింది," అన్నారెవరో వెనక నుంచి.

జాబితాను సంఘమంతా చదివింది. అభ్యంతరాలకు ఇచ్చిన గడువులోగా ఒక్కటే వచ్చింది. రెండో నంబరు సభ్యుడు పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టరు. గంట కొట్టేవాడి భార్య కింద తన పేరు ఎలా వేస్తారని ఆయన రాశారు. అధ్యక్ష మండలం విచారం వ్యక్తపరచి, వెంటనే సరిచేసింది.

కొత్త జాబితాను కూడా బాలనర్సయ్యే తలుపుకు అంటించాడు. పార్వతమ్మ ఇప్పుడు చిట్టచివర ఉంది, చెప్పుల దగ్గర.