మురుగు రాని శుద్ధి కేంద్రం

ఆసియా మొత్తంలోకెల్లా అందమైన మురుగునీటి శుద్ధి కేంద్రం తమ ఊళ్ళోనే ఉందని లబావన్ మేయర్ క్రిసాంతో మగ్సినో మైకులో ప్రకటించినప్పుడు, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది లియోనిసా. ఆమె ఏరు సముద్రంలో కలిసే మొగలో వెదురు గడలకు తినే ఆల్చిప్పలు పెంచి అమ్ముకునే మనిషి. ఊరి మురుగంతా ఆ మొగలోకే దిగుతోందని అధికారులు ఆమె అమ్మకాలు ఆపేశారు. కేంద్రం పనిచేస్తోందని తనిఖీ అధికారి సంతకం పెడితే తప్ప ఆమె బుట్ట బజారుకెక్కదు.

కేంద్రానికి ఏ లోటూ లేదు. గోడమీద మేయర్ ముఖం, తొట్టికి మేయర్ పేరు, మోటారుకు ఆయన భార్య పేరు. ఊళ్ళోంచి మురుగు తెచ్చే గొట్టాలొక్కటే వెయ్యలేదు. భూమిలో పాతేసే వస్తువు మీద ముఖం వేయించి ఏం లాభం? అంత ముందుచూపు అందరికీ ఉండదు.

తనిఖీ దగ్గర పడ్డాక ఇంజనీరు రోడెల్ వచ్చి, మురికి తిని నీళ్ళు శుభ్రం చేసే సూక్ష్మజీవులు తిండిలేక చచ్చిపోతున్నాయని మొరపెట్టుకున్నాడు. మేయర్ గారి కళ్ళు చెమర్చాయి. తన పాలనలో ఆకలి చావులా? వెంటనే పండగ విందులో మిగిలిన నూడుల్సు, కాల్చిన పందిమాంసం తొట్టిలో పోయించారు. వాటికి ఓటు లేదని తెలిసి కూడా పోయించారంటే ఎంత పెద్ద మనసో చూడండి.

"వాటికి విందు కాదు సార్, అసలు సరుకు కావాలి," అన్నాడు రోడెల్.

"ఇల్లు మారాలంటే ఊరంతా కలిసి ఆ వెదురు ఇంటినే భుజాన మోసుకెళ్ళే జాతి మనది. బకెట్లు మొయ్యలేమా?" అన్నారు మేయర్.

మోశారు. ఇల్లు మోసేటప్పటి పద్ధతిలోనే ముందు ఒకడు గిటారు వాయించాడు, వెనక మోసేవాళ్ళకి గంజి వండారు. గంజి మాత్రం ఎవరూ ముట్టలేదు. లియోనిసా తనింటిదే కాక పక్కింటి ముసలాయనదీ మోసింది. సూక్ష్మజీవులు కడుపారా తిన్నాయి. అధికారి ముక్కు మూసుకుని, ఇంతటి ప్రజాసహకారం తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, రెండో చేత్తో సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం మొగలో అడుగున ఇసక కనిపించింది. లియోనిసాకు సంతోషంతో ఏడుపొచ్చింది. రోజూ ఇలాగే మోద్దామని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆశ్చర్యం, జనం సరేనన్నారు.

పొద్దున్నే ఆమె బకెట్‌తో వెళ్ళేసరికి గేటుకి తాళం.

"మోత అయిపోయిందక్కా," అన్నాడు కాపలావాడు. "మన కేంద్రానికి పరిశుభ్రతలో మొదటి బహుమతి వచ్చింది. ఇక లోపలికి మురికి రానివ్వద్దని మేయర్ గారి ఆర్డరు."

"మరి ఇదెక్కడ పొయ్యను?"

అతను మర్యాదస్తుడు. గేటు పక్కన రాత్రికి రాత్రే కట్టిన సిమెంటు కాలువ చూపించాడు. అది ఎక్కడా ఆగకుండా నేరుగా మొగలోకే పోతుందట. అమ్మకాలకు అనుమతిస్తూ వచ్చిన కాగితం కూడా ఆమె ఖాళీ చేతిలో పెట్టి, ఈ రాత్రి బహుమతి విందుకి ఆమె ఆల్చిప్పలే తెమ్మన్నారని చెప్పాడు.

లియోనిసా కాలువ వంక చూసింది, కాగితం వంక చూసింది. విందుకి ఎన్ని తెమ్మన్నారని అడిగింది.

"అధికారి గారికి ఒక్క ప్లేటు చాలు. మేయర్ గారింట్లో ఎవరికీ ఆల్చిప్పలు పడవు."

"ఎప్పట్నుంచి?"

"ఈ కాలువ కట్టించినప్పట్నుంచి."