ఆవపిండి రంగు చీర

ఆ ఆదివారం పొద్దున్న శశిభూషణ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మెయిన్ రోడ్డులో మూసిన షట్టర్ల ముందు లోవమ్మ పరిచే పాత చీరల గుట్టలోంచి ఒకటి ఎంచుకోవాలి. తెచ్చి ఉతికి ఎండలో ఆరేయాలి. సాయంత్రం తలుపు గడియ పెట్టుకుని కట్టుకోవాలి. ఇంటివారు శ్యామలాంబ గారు మరిడమ్మ జాతరకని పెద్దాపురం వెళ్ళారు, మంగళవారం దాకా రారు. అందుకే ఎప్పుడూ గదిలో ఫ్యాను కింద ఆరే చీరకి ఈసారి డాబా మీద దండెం దొరికింది.

అతను కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. పగలంతా ట్రేసింగ్ కాగితం మీద కాలవలూ తూములూ గీస్తాడు. సాయంత్రం ఓ గంటసేపు చీర కట్టుకుని, నిలువుటద్దం ఉన్న బీరువా ముందు కుర్చీ వేసుకుని కాఫీ తాగుతాడు. అంతకుమించి ఏమీ లేదు. ఆ గంటలో అతను ఎవరినీ అనుకరించడు. పగలంతా ఎవరినో అనుకరించి అలసిపోయినవాడు చొక్కా విప్పి తన దగ్గరికి తాను వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. ఇలా ఎందుకని కొన్నేళ్ళు తీవ్రంగా ఆలోచించాడు. ఆలోచన మానేశాక కాఫీ రుచి పెరిగింది.

ఆ మేడమీది గది శ్యామలాంబ గారిది, బీరువా ఆవిడది, అద్దం ఆవిడది. సంగతి బయటపడితే ఈ మూడింటితో పాటు ఆ గంట కూడా పోతుంది. ఆఫీసులో పరువు ఎలాగూ పోతుంది కానీ, దాని మీద అతనికి అంత మమకారం లేదు. ఆ గంట మీదే ఉంది.

కొత్త చీరల షాపులోకి వెళ్ళే ధైర్యం అతనికి ఎప్పుడూ లేదు. ఒంటరి మగవాడు లోపలికి అడుగుపెడితే చాలు, "ఎవరికండీ, ఏ ఫంక్షనుకండీ, మేడం గారు రాలేదాండీ" అని చుట్టుముడతారు. తమాషా ఏమిటంటే ఆ అడిగే సేల్స్ కుర్రాళ్ళే మీసాలతో సహా చీరని భుజాన వేసుకుని, నడుం దగ్గర కుచ్చిళ్ళు పట్టి, పైట జార్చి చూపిస్తారు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు తాపీగా చూసి, "ఇంకో రంగు చూద్దామండి" అంటారు. ఎవరూ నవ్వరు. గాజు తలుపు బయట నిలబడి శశిభూషణ్ ఆ దృశ్యాన్ని ఎన్నోసార్లు చూశాడు. వెలుతురులో నలుగురి మధ్య చేస్తే ఉద్యోగమైన పని, గడియ పెట్టుకుని చేస్తే నేరం ఎలా అయిందో అతనికి అంతుపట్టలేదు.

లోవమ్మ దగ్గర ఆ బాధ లేదు. ఆమె వారమంతా స్టీలు సామాను గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి, పాత చీరలు తీసుకుని గిన్నెలు ఇస్తుంది. ఆదివారం ఆ చీరలు అమ్ముతుంది.

"ఆ ఆవపిండి రంగుది చూడండి బాబుగారూ. పెద్దింటి చీర. కట్టిందే తక్కువ."

వంగపండు రంగు అంచు. మెత్తని నేత. శశిభూషణ్ చేతివేళ్ళకి ముందే తెలిసిపోయింది, ఇదేనని.

"ఇక్కడ కుట్టేసుందే?"

"చిరుగు కనపడకూడదని కుట్టారండి. ఇప్పుడు కుట్టు కనపడతంది. ఎవరికండీ?"

"మా ఆవిడకి."

"ఎంత ఎత్తుంటారండి?"

"నా అంత."

"ఒళ్ళో?"

"నా అంతే."

లోవమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "అదృష్టవంతులండి. ఒకరి బట్టలు ఒకరికి పనికొస్తాయి," అని కాగితంలో చుట్టి ఇచ్చింది.

పెద్దాపురంలో ఆడపడుచుతో మాటామాటా వచ్చి శ్యామలాంబ గారు రెండు రోజులు ముందుగా ఆ మధ్యాహ్నమే బస్సెక్కేశారు. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఇంటికి రాగానే ముందు డాబా మీది నీళ్ళ ట్యాంకు చూస్తారు.

"శశిభూషణూ, ఒకసారి ఇలా రా."

ఆ గొంతు విని అతను మెట్లన్నీ పరుగున ఎక్కాడు. ఆవిడ దండెం దగ్గర చీర కొంగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇది నా చీర."

"అబ్బే, కాదండి పిన్నిగారూ."

"ఈ కుట్టు నాది. గేటు మేకుకి తగులుకుంటే నేనే కుట్టాను. దీన్ని లోవమ్మకిస్తే నాకొచ్చింది మూత పట్టని డబ్బా. మూత మారుస్తానని ఏడాదిగా తిప్పుతోంది. నీ దగ్గరికి ఎలా వచ్చిందీ?"

ఒకసారి చెప్పిన అబద్ధానికి నోటి దారి అలవాటైపోతుంది. పొద్దున్న ఆ దారిన వెళ్ళినదే ఇప్పుడూ బయల్దేరింది. "మా ఆవిడదండి. లోవమ్మ దగ్గర కొన్నాం."

ఆవిడ కొంగు వదిలేశారు. "పెళ్ళెప్పుడైంది?"

"ఈమధ్యేనండి. గుళ్ళో."

"అమ్మాయెక్కడ?"

"ఉప్పాడలో. టీచరండి."

చెప్పకుండా పెళ్ళి చేసుకున్నందుకు చివాట్లు పడతాయని అతను తల వంచుకున్నాడు. చివాట్లు పడ్డాయి, కానీ వేరే దిక్కు నుంచి. "కొత్త పెళ్ళికూతురికి పాత చీర కట్టబెట్టావా? అదీ నేను విడిచేసింది? సంపాదిస్తున్నావు కదయ్యా, ఆ పిల్ల ఉసురు తగలదూ?"

ఆవిడ అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. సోమవారం పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చేసి, మీవాడి పిసినారితనం ఇదీ అని చెప్పేశారు. ఫోనెత్తినవాడు అమ్మిరాజు. భీమవరం మనిషి, కోపంలోనూ మర్యాద తప్పడు, ఏ రహస్యాన్నీ భోజనాల వేళ దాటి దాచలేడు.

"ఆయ్, శశిభూషణ్ గారూ, ఇంత పని చేస్తారనుకోలేదండి. మేమింతమందిమి ఉండగా చెల్లెమ్మగారు పాత చీర కట్టుకోవడమేంటండి. ఆఫీసు పరువేం కావాలండి?"

శశిభూషణ్ వద్దన్నాడు. కొత్త పెళ్ళికొడుకు సిగ్గు అనుకున్నారు. గట్టిగా వద్దన్నాడు. ఆత్మాభిమానం అనుకున్నారు. అబద్ధాన్ని నమ్మినవాళ్ళకి నిజం కూడా ఆ అబద్ధానికి సాక్ష్యంగానే వినపడుతుందని ఆ రోజు అతనికి తెలిసింది. సాయంత్రానికల్లా కొత్త చీరకని అందరూ తలా కాస్త వేసుకున్నారు. మంగళవారం, అతను ఇన్నేళ్ళూ బయటినుంచి చూసిన ఆ గాజు తలుపులోంచి అమ్మిరాజు, అతని భార్య సాయిదుర్గ, ఇంకో నలుగురు గుమాస్తాలు కలిసి అతన్ని లోపలికి తోసుకెళ్ళారు.

"ఉప్పాడ పట్టు తీయండి. మేడం గారు రాలేదు," అన్నాడు అమ్మిరాజు. "చెల్లెమ్మగారు ఎంత ఎత్తండి?"

"నా అంత."

"రంగండి?"

"నా రంగే."

కల్పన చేతకానివాడు చేతికందిన సామానుతోనే ఇల్లు కడతాడు. శశిభూషణ్ భార్యకి అతని ఎత్తు, అతని ఛాయ, అడిగితే అతని కాఫీ రుచి కూడా ఉండేవే.

"అయితే ఇంకేంటండి, మీరే నిలబడండి," అన్నాడు అమ్మిరాజు.

సేల్స్ కుర్రాడు ఒక్క విదిలింపుతో చీర అతని భుజాన వేశాడు. నడుం దగ్గర కుచ్చిళ్ళు పట్టాడు. పైట సర్ది, నిలువుటద్దం వైపు తిప్పాడు. షాపు నిండా జనం. శశిభూషణ్ తన భయం కోసం లోపలంతా వెతికాడు. రోజూ ఉండే చోట అది లేదు. అద్దంలో ట్యూబులైట్ల వెలుగులో, నెమలికంఠం రంగు పట్టుచీరలో, తను నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యగారూ, కాస్త పక్కకి తిరగండి. ఆ, అంచు బావుంది," అంది సాయిదుర్గ.

"రంగంటే అదండి," అన్నాడు అమ్మిరాజు షాపంతా వినపడేలా. "మీ ఒంటికెంత నప్పిందండి."

పక్కన కూర్చున్న ఎవరో ఆవిడ కూడా చూసి, "మాకూ అలాంటిదే తీయండి," అంది. అందరూ అతని నిర్ణయం కోసం చూస్తున్నారు. శశిభూషణ్ అద్దం వంక తాపీగా చూశాడు.

"ఇంకో రంగు చూద్దామండి," అన్నాడు.

అలా చాలా రంగులు చూసి, చివరికి నెమలికంఠమే తీసుకున్నారు. షాపులోంచి బయటికి వస్తూ సాయిదుర్గ ముహూర్తం పెట్టేసింది. శుక్రవారం ఉప్పాడ నుంచి పెళ్ళికూతుర్ని రప్పించాలి, సాయంత్రం అందరూ చూడ్డానికి వస్తున్నారు. సంగతి తెలిసి శ్యామలాంబ గారు మినప్పప్పు నానబోయడానికి సిద్ధమయ్యారు.

గురువారమంతా శశిభూషణ్ డ్రాయింగు బల్ల ముందు కూర్చుని భార్యని వదిలించుకునే మార్గాలు ఆలోచించాడు. జ్వరం. బదిలీ. అలిగి పుట్టింటికి వెళ్ళడం. ఏది చెప్పినా నమ్ముతారు. కానీ ఏదీ చెప్పబుద్ధి కాలేదు. వాళ్ళంతా చూడాలనుకుంటున్న మనిషి ఒకరున్నారు. ఆ మనిషిని లేదనిపించి పంపించేస్తే, వెళ్ళిపోయేది ఎవరో అతనికి ఒక్కడికే తెలుసు. ఇన్నేళ్ళూ గడియ పెట్టి దాచాడు. ఇప్పుడు ఊరి నుంచే తరిమేయమంటే అతనికి మనసొప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కింది నుంచి శ్యామలాంబ గారి కేక వినపడింది. "అమ్మాయి దిగిందా?"

"దిగిందండి."

వెంటనే మల్లెపూల దండ పైకి వచ్చింది.

సాయంత్రం శ్యామలాంబ గారు అందరికంటే ముందు గారెల పళ్ళెంతో మెట్లెక్కారు. తలుపు కొట్టబోతుండగానే అది తెరుచుకుంది. ఎదురుగా ఆవపిండి రంగు చీరలో శశిభూషణ్. ఆవిడ అతన్ని దాటి గదిలోకి చూశారు. అద్దంలో ఇంకో ఆవపిండి రంగు చీర తప్ప అక్కడ ఎవరూ లేరు.

"అమ్మాయేదీ?"

"ఉన్నదింతేనండి పిన్నిగారూ."

"ఉప్పాడ టీచరు?"

"నేనసలు ఉప్పాడే చూళ్ళేదండి."

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పళ్ళెం ఒళ్ళోనే ఉంది. బళ్ళో అన్నేళ్ళు అబద్ధాలాడే పిల్లల్ని చూసిన మనిషి. వాళ్ళు నేల చూపులు చూస్తారు. ఇతను సూటిగా చూస్తున్నాడు.

"ఎప్పట్నుంచి ఇది?"

"ఊహ తెలిసిన దగ్గర్నుంచండి."

"నేను పంపిన పూలు?"

"జుట్టుకి ఆగలేదండి. చేతికి చుట్టుకున్నాను."

ఆవిడ చేతిని చూశారు. తర్వాత చాలాసేపు చీర కిందిభాగాన్ని చూశారు.

"కుచ్చిళ్ళెవరు పెట్టారు?"

"నేనేనండి."

"స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. నాకెప్పుడూ అలా కుదరలేదు." ఆవిడ గొంతు మారింది. "మా ఆయన కొన్న చీర ఇది. మొదటిసారి కట్టుకుంటే, కామెర్లొచ్చినదానిలా ఉన్నావే అంది ఆడపడుచు. మళ్ళీ కట్టలేదు. ఈ బీరువాలోనే ఉండేది."

మెట్ల మీద అడుగుల చప్పుడు. అమ్మిరాజు నవ్వు ముందుగా పైకి వచ్చింది.

"పిన్నిగారూ, గది ఖాళీ చేయమంటే చేస్తాను," అన్నాడు శశిభూషణ్. "ఈ తలుపు మాత్రం ఇప్పుడు వేయనండి."

ఆవిడ లేచి, పళ్ళెం కుర్చీ మీద పెట్టి, అతని పక్కన వచ్చి నిలబడ్డారు.

పళ్ళ సంచీతో మొదట అడుగుపెట్టిన అమ్మిరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనకున్నవాళ్ళు అతని వీపుకి గుద్దుకుని వరసగా ఆగారు.

"శశిభూషణ్ గారేనాండి?"

"ఆయ్, నేనేనండి."

"చెల్లెమ్మగారండి?"

"ఆ ఎత్తు, ఆ రంగు నావేనండి. మీరు దగ్గరుండి చూశారుగా."

అమ్మిరాజు ముఖం కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. మధ్యలో అతనికి చీరల షాపు గుర్తొచ్చినట్టుంది. "మీ ఒంటికి నప్పిందని అన్నది నేనే కదండి," అన్నాడు నీరసంగా.

"అందరూ విన్నారండి."

"అంటే మేమిప్పుడు వచ్చిందీ..."

"చూడ్డానికి," అన్నారు శ్యామలాంబ గారు, బళ్ళో గంట కొట్టించినంత తేల్చేసి. "చూశారుగా. ఇక కూర్చోండి. గారెలు చల్లారిపోతున్నాయి."

గుమాస్తాలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు గారెల వాసన వైపు మొగ్గారు. వెనకనుంచి కిసుక్కుమన్నది సాయిదుర్గ. తనని చూసే అనుకున్నాడు శశిభూషణ్. కానీ ఆమె చూస్తున్నది తన మొగుడి ముఖం వైపు. నవ్వు ఆపుకుని పసుపు కుంకుమ పళ్ళెంతో ముందుకొచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, తీసుకొచ్చిన తాంబూలం వెనక్కి పట్టుకెళ్ళకూడదు కనక, జాకెట్టు ముక్కతో సహా అతని చేతిలో పెట్టేసింది.

"ఇది మీకు చాలదు అన్నయ్యగారూ. ఇంకో ముక్క పంపిస్తాను. నెమలికంఠం కట్టుకోలేదేం?"

"అది అబద్ధంతో వచ్చిందండి. తిరిగి ఇచ్చేద్దామని."

"ఎవరికిస్తారు? మా ఆయనకి ఆ రంగు నప్పదు."

అమ్మిరాజు గారె తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. సోమవారం ఆఫీసులో ఎవడో వెటకారం మొదలుపెట్టబోతే, "ఆ రంగు ఎంచింది నేనండి, ఏవన్నా లోపముంటే చెప్పండి," అన్నాడట. లోపం ఎవరికీ కనపడలేదు. అందరూ తలా కాస్త వేసుకున్న చీర కదా.

సాయంత్రం గంట అలాగే ఉంది. గడియ మాత్రం వేయడం లేదు. కాఫీ ఇప్పుడు రెండు గ్లాసులు కలుపుతున్నాడు.

తర్వాతి వారం లోవమ్మ గేటు ముందు గంప దించి, "డబ్బా పట్రండి అమ్మగారూ, మూత మారుస్తాను," అంది. శ్యామలాంబ గారు డాబా మీద దండెం కేసి చూశారు. ఎండలో ఆవపిండి రంగు చీర నిండుగా ఎగురుతోంది.

"అక్కర్లేదులే. బేరం సరిపోయింది," అన్నారు.

మూత మాత్రం ఇప్పటికీ పట్టదు.