అత్తగారింటి సీసా

సెలవు మంజూరైందన్న మాట చెవిన పడగానే నవ్యశ్రీ కుర్చీలోనే గిర్రున ఓ చుట్టు తిరిగింది. పెళ్ళై నెల కూడా కాలేదు. రేపు మొగుడు నిఖిలేశ్‌తో తుంగభద్ర డ్యామ్ చూడబోతోంది. అంతలోనే లాబ్ పెద్ద వాసుదేవ్ సార్ వేలు ఆడించాడు.

“ఇయ్యాల సీసాలన్నీ నిండి రావాల. అప్పుడే సెలవు!”

థర్మల్ ప్లాంటు చుట్టుపక్కల ఊళ్ళ బోర్ల నీళ్ళు తెప్పించి పరీక్షించడం రాయచూరులోని ఆ చిన్న లాబ్ పని. ఊళ్ళ పేర్లున్న ఫైలును కంప్యూటర్‌కు చూపిస్తే సీసాల మీద అంటించే లేబుళ్ళు వాటంతటవే అచ్చవుతాయి. ఏ ఫైలు అని కంప్యూటర్ అడిగిన క్షణంలోనే నిఖిలేశ్ మెసేజ్ వచ్చింది: “డ్యామ్ కాడ మిర్చి బజ్జీలు నాకు, గాలి నీకు.” నవ్యశ్రీ పకపకా నవ్వుతూ అన్నిటికన్నా పైనున్న ఫైలు నొక్కేసింది.

అది విందుల ఫైలు. కొత్త జంటను భోజనానికి పిలిచిన చుట్టాల పేర్లు, ఇళ్ళ గుర్తులు, వెళ్ళాల్సిన రోజులు నిఖిలేశ్ అందులో ఎక్కించి ఆమెకు పంపితే, ఆమె ఈ కంప్యూటర్‌లోనే దాచుకుంది. మనిషి మరీ పద్ధతైనవాడు. బయలుదేరేది అక్కణ్ణించే కదా అని మొదటి వరుసలో సొంత ఇంటిని కూడా పెట్టాడు.

వెచ్చవెచ్చగా బయటికొచ్చిన లేబుళ్ళను నవ్యశ్రీ బుగ్గకు ఆనించుకుని మురిసింది. చదవడం మాత్రం మరిచింది. వాటిని నీళ్ళు పట్టుకొచ్చే జంబన్న చేతిలో పెట్టింది. జంబన్న లేబుల్ మీద ఏ చోటుంటే ఆ చోట నీళ్ళు పడతాడు. ఎందుకని అడగడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. నిఖిలేశ్ మేనత్త కుసుమకుమారి.

“ఏందమ్మా, మా ఇంట్ల నీళ్ళు తాగితే సస్తవా? నేను నీకోసం భక్ష్యాలకు పప్పు తెప్పిస్తే, నువ్వు మా నీళ్ళు పరీక్షకు తెప్పిస్తవా?”

“నేనా? లేదత్తయ్యా!”

“సీసా మీద నా పేరున్నది! ఆదివారం అని గూడ రాసున్నది! మా బిందెల ముంచుకొని పోయిండు మీ మనిషి!”

ఆ ఫోను పెట్టీ పెట్టకముందే గిల్లేసూగూరు నుంచి హంపయ్య మామ ఫోను.

“కోడలా, నీళ్ళొక్కటే చాలా? పచ్చిపులుసు గూడ పంపాల్నా?”

మూడో ఫోను సాక్షాత్తు అత్తగారు లలితాంబది. “నా ఇజ్జత్ తీస్తివి గద! నా ఇంటికి గూడ సీసా పంపిస్తవా? ఈ నీళ్ళే తాగి నీ మొగడు గంత పెరిగిండు!”

సాయంత్రానికి జంబన్న చంకనిండా సీసాలతో దిగాడు. “అన్నీ నిండినయి మేడం. ఒక ఇంట్ల తిట్టిన్రు, ఒక ఇంట్ల చాయ్ పోసిన్రు. బోర్లకంటే ఇదే నయముంది.”

వాసుదేవ్ సార్ ఒక సీసా ఎత్తి చదివాడు. “శ్రీమతి కుసుమకుమారి, ఆదివారం మధ్యాహ్న భోజనం. ఇది ఏ ఊరి బోరమ్మా?” నవ్యశ్రీకి డ్యామ్ కళ్ళముందే ఎండిపోయింది. ఏడుపొక్కటే తక్కువగా జరిగిందంతా చెప్పింది.

సార్ తల పట్టుకున్నాడు. “వచ్చిన నీళ్ళను పారబోసుడెందుకు? కొత్త మిషన్‌ల పెట్టి చూడు.”

మిషను చుట్టాలందరి నీళ్ళనూ భేషుగ్గా ఉన్నాయంది. ఆ కాగితాలు ఫోన్లలో వెళ్ళగానే తిట్ల ధాటి తగ్గింది. కాసేపటికి కుసుమకుమారే మళ్ళీ ఫోన్ చేసింది. “కోడలంటే గిట్లుండాల! మా కాగితం ఫ్రిజ్‌కు అంటించిన. చూసి మా గల్లీ అంతా సీసాలు పట్టుకొని నిలబడ్డది. అవునూ, మా వదిన, అదే మీ అత్త ఇంటి నీళ్ళెట్లున్నయి?”

గల్లీ నిండా కొత్త గిరాకీ అని విన్న సార్ కరిగిపోయాడు. బోర్ల సంగతి ఎల్లుండి చూద్దామని సెలవు ఖాయం చేశాడు.

మిషను పరీక్షలో తప్పిన సీసా ఒక్కటే. మొదటి వరుసది. ఆ కాగితం అత్తగారి ఫోనుకు మాత్రమే వెళ్ళింది.

ఇంటికి చేరేసరికి గుమ్మంలో రెండు బకెట్లు, రెండు చీపుర్లు, బ్లీచింగ్ పొడి ఉన్నాయి. పక్కన లలితాంబ.

“సెలవున్నది గద?” అంది గొంతు తగ్గించి. “రేపు పొద్దుగాల్నే నువ్వు, నీ మొగడు మన నీళ్ళ సంపుల దిగి పాచి కడగాల. కుసుమకు తెలిస్తే ఖబడ్దార్!”

వెనక నిల్చున్న నిఖిలేశ్ మిర్చి బజ్జీల పొట్లం ఎత్తి చూపించాడు. నవ్యశ్రీ ఫక్కున నవ్వింది.

డ్యామ్‌లో అయితే నీళ్ళలోకి అసలు దిగనివ్వరు కదా!