ఎర్రబొట్టు కింద జానెడు రాజ్యం

పశ్చిమ సముద్ర తరంగ ఘోషకు లోకల్ రైళ్ల హోరు తోడై అహర్నిశలూ మారుమోగే ముంబాపురీ మహానగరంలో, గ్రాంట్ రోడ్ స్టేషనుకు నడక దూరంలో, తెలుగుదేశం నుంచి కామాటీ కూలీలుగా వచ్చిన తాతముత్తాతలు రాళ్లు మోసి గోడలు లేపి తమకంటూ ఒక పేరు మాత్రమే మిగుల్చుకున్న కామాటిపురలో, పదకొండో గల్లీలో, ఒంటిగదుల వరసల మూడంతస్తుల చాల్ మెట్ల కింది పెళ్లిపత్రికల దుకాణంలో, కార్తీక సోమవారం మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకు, చెవి ఒగ్గిన వారందరికీ క్షేమం కలుగుగాక, ఒక ఘోర సంగ్రామం మొదలైంది. అందులో ఏనుగులు లేవు, గుర్రాలు లేవు. ఒక ఎలుక ఉంది. అదీ తోకతో బల్లకు కట్టేసి ఉంది.

ఆ రణరంగానికి అధిపతి శుభలేఖా సార్వభౌముడు, సహస్రాధిక వధూవర నామ సంయోజకుడు, అచ్చుతప్పుల పాలిటి కాలాంతకుడు లచ్చయ్య. ఆయన విద్యను లెక్కకడితే తెలుగు నిండుగా ఉంది, మరాఠీ సగం, ఇంగ్లీషు నాలుగు మాటలు. లెఫ్ట్, సెంటర్, రైట్ అనేవి వృత్తి నేర్పినవి. పెళ్లిపత్రిక మీద ముహూర్తం లెఫ్టు, విందు రైటు, వధూవరుల పేర్లు సెంటరు. నాలుగో మాట ఫ్రీ. దాన్ని ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మూడు మాటలు ముప్ఫై ఏళ్లు అన్నం పెట్టాయి. నాలుగోది శనివారం సాయంత్రం కొంప ముంచింది. దుకాణం మూసే వేళ కంప్యూటరు ఏదో అడిగింది, ఆ అడిగినదాంట్లో ఫ్రీ అన్న మాట కనిపించింది, మహావీరుడి వేలు తనంతట తానే ఒత్తేసింది. సోమవారం తెర వెలిగేసరికి పాత ముఖం పోయి కొత్త ముఖం వచ్చింది.

ఇంగ్లీషు లోటును అదివరకు భర్తీ చేసింది ఆయన ధర్మపత్ని అంజమ్మ. దసరా ఆయుధపూజ నాడు ఆమె తెర కింద ఎడమ మూలన, స్టార్ట్ బటన్ ఉండే చోట, ఎర్రని బొట్టుబిళ్ల అంటించింది. అక్కడినుంచి బెత్తెడు పైన, పత్రికల ప్రోగ్రాము బంతిపువ్వు గుర్తుతో కనిపించే చోట, ఆకుపచ్చది అంటించింది. ముందు ఎర్రది ఒత్తాలి, తర్వాత ఆకుపచ్చది. మొన్న దీపావళికి బొట్టు లేని చోట ఒత్తి ఒక పెళ్లికొడుకును పత్రికలోంచి మాయం చేసిన నాటినుంచి లచ్చయ్య ఒక భీషణ ప్రతిజ్ఞ పట్టాడు: ఎరగని గుర్తు మీద ఎడమ నొక్కు నొక్కను. ముట్టని సరుకుకు నష్టం లేదని ఆయన సిద్ధాంతం.

ఇప్పుడు ఎర్రబొట్టు మీద ఒత్తితే ఒక మబ్బుతునక, పక్కన ముప్ఫై ఒకటి అనే అంకె వచ్చాయి.

"ఏందిది?" అంది బెంచీ మీద సంచితో కూర్చున్న లక్ష్మవ్వ.

"ఎండ పెద్దమ్మా."

"ఎండ బయట కనబడుతలేదా? నా పత్రిక సంగతేంది?"

ఆ పత్రిక సంగతి సామాన్యమైంది కాదు. లక్ష్మవ్వ మనుమరాలు మయూరి పెళ్లి. మొదటి పత్రిక పాలమూరు పల్లెలో ఎల్లమ్మ ముందు మంగళవారం పొద్దున పెట్టనిదే మిగతా రెండువందల పత్రికల్లో ఒక్కటీ ఎవరి గడపా దాటకూడదు. అచ్చుకు పోబోతుండగా బయటపడింది, మేనమామ గణేష్ పేరే లేదని. పేరు లేని మేనమామ పెళ్లికూతురి గంప ఎత్తడు. ఊరికి పోయే బస్సు నాలుగింటికి. తర్వాతి మంగళవారానికి పెళ్లి మూడు రోజుల్లో పడుతుంది. అంటే ఒక్క కాగితం, రెండు గంటల గడువు, వెనక ఒక పెళ్లి మొత్తం.

లచ్చయ్య తేరిపార చూశాడు. స్టార్ట్ బటన్ తన జన్మస్థానాన్ని విడిచి, కింది పట్టీ నట్టనడుమ, పేరు తెలియని అరడజను బొమ్మలతో కలిసి పంక్తిభోజనానికి కూర్చున్నట్టు కూర్చుని ఉంది. వాటిలో అదేదో పోల్చుకోవడానికి ఏ నొసటా బొట్టు లేదు.

"ఆ బిళ్ల పీకి నడిమిట్ల అంటించరాదు బిడ్డా?" అంది లక్ష్మవ్వ.

మెట్ల మీద ఒత్తులు చేసుకుంటున్న అంజమ్మ తల ఎత్తకుండానే పలికింది. "పీకుండ్రి చూస్త. దసరా పూజల పెట్టిన బొట్టు మళ్ల దసరా దాక కదలొద్దు. పైంగ నేను ఇయ్యాల ఉపాసమున్న."

ఉపవాసమున్న అంజమ్మతో తలపడేంత సాహసం ఆ సార్వభౌముడికి లేదు. బొట్టు కదలదు కనుక బటనే కదలాలి. ఆయన లేచి నిలబడి, పత్రికల భాష ఇన్నేళ్లుగా ఒంటబట్టిన గొంతుతో, తెర వైపు చేయి చాచి గర్జించాడు.

"ఓరీ కాచవదనా! కపటవేషధారీ! కుంకుమాంకితమైన నీ స్వస్థానాన్ని విసర్జించి, అజ్ఞాతుల నడుమ ఆసీనుడవై, ఆశ్రితుణ్ని అవమానింతువా? బంధుమిత్ర సపరివార సమేతంగా వచ్చి నిన్ను ఎడమ మూలకు ఈడ్చెదను గాక!"

"దానితోని తర్వాత మాట్లాడు. మూడైంది," అంది లక్ష్మవ్వ.

వీరుడు కూర్చున్నాడు. ఎలుకను చేతిలో పట్టుకుని చిల్లర బేరగాడిలా ఆలోచించాడు. ముందు తలుపు తెరవని సేటు పక్క తలుపు తెరుస్తాడు. తన ప్రతిజ్ఞ ఎడమ నొక్కు గురించి. కుడి నొక్కు గురించి అందులో ఒక్క అక్షరం లేదు.

గోడమీది దేవుళ్లకు ఓరగా ఒక చూపు విసిరి, కింది పట్టీలో ఏ బొమ్మా లేని ఖాళీ జాగా చూసి, చూపుడువేలు మడిచి, మధ్యవేలితో కుడివైపు నొక్కాడు. చిన్న పెట్టె లేచింది. దానిలోని కింది వరుస మీద కూడా కుడి నొక్కే నొక్కాడు. అంతే, తెర నిండా ఇంగ్లీషు పరుచుకుంది, కలుపు పట్టిన చేనులాగా. పెళ్లిపందిట్లో మన చుట్టాన్ని వెతికినట్టు ఒక్కో ముఖమే చూస్తూ, కిందికి జారుతూ జారుతూ పోగా, అట్టడుగున, ఒక గీత పక్కన, ఆయన చేతుల మీదుగా వెయ్యికి పైగా జంటలను నట్టనడుమ నిలిపిన మాట నిలబడి ఉంది. సెంటర్.

లచ్చయ్య బెంచీ వైపు తిరిగాడు. మెల్లగా అన్నాడు. "పెద్దమ్మా, ముప్ఫై ఏండ్ల సంది ఊరోళ్ల పేర్లన్ని నేను సెంటర్ చేసిన. ఈడెవడో నన్నే సెంటర్ చేసిండు."

"మంచిదే. మూడూ ఇరవై."

సొంత మాటకు బొట్టు అక్కర్లేదు. ఆయన ప్రతిజ్ఞకు భంగం లేకుండా, ఎడమ నొక్కే, ఠీవిగా నొక్కాడు. ఆ మాట కింద దాని తోబుట్టువు బయటికొచ్చింది. లెఫ్ట్. దాన్నీ నొక్కాడు.

అప్పుడు గల్లీ మొగలో తోపుడుబండివాడి కేక శంఖారావమై మోగగా, పైఅంతస్తులో ఎవరిదో కుక్కరు దుందుభియై ఈలవేయగా, నట్టనడుమ కొలువుదీరిన బొమ్మల పటాలం పటాలమంతా కదిలి, ఎడమవైపుకు జరిగి, దాని సేనాని వచ్చి ఎర్రబొట్టు కింద తల వంచి నిలిచాడు.

ఎర్రది ఒత్తాడు. తెరుచుకుంది. ఆకుపచ్చ బొట్టు కింద మాత్రం బంతిపువ్వు లేదు. దాని చోట కూడికల యంత్రం గుర్తు ఉంది. బంతిపువ్వు అంగుళం పక్కన విరిసి ఉంది. జానెడు గెలిచాక అంగుళం దగ్గర పట్టుబట్టేవాడు ఏ బేరమూ తెంపలేడు. లచ్చయ్య ఆ అంగుళాన్ని శత్రువుకే వదిలేసి బంతిపువ్వును ముట్టాడు. మేనమామ గణేష్ పేరు చేర్చాడు. సెంటరు చేశాడు. కాగితం వెచ్చగా బయటికి వచ్చింది.

లక్ష్మవ్వ దాని నాలుగు మూలలకూ పసుపు రాసి, కొంగులో చుట్టి, ట్యాక్సీ ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. "గంటన్నర కొట్లాడినవు బిడ్డా. నా కొడుకు పేరు రాసుడు అర నిమిషం."

మంగళవారం పొద్దున పల్లెనుంచి ఫోను వచ్చింది: పత్రిక ఎల్లమ్మ ముందుంది, గణేష్ గంప ఎత్తుతానన్నాడు. ఆ సాయంత్రమే తెర కుడి మూలన ఫ్రీ అని మళ్లీ ఏదో తళుక్కుమంది. లచ్చయ్య వేలు లేచింది. అంతకంటే ముందే అంజమ్మ చేయి వచ్చి అక్కడ ముట్టొద్దన్నట్టు నల్లబొట్టు అంటించింది.

ఇట్లా కామాటిపుర పదకొండో గల్లీలో, ఒక్క బొట్టూ కదలకుండా, ఒక్క పెళ్లికొడుకూ మాయం కాకుండా, పోగొట్టుకున్న రాజ్యం తిరిగి చేజిక్కింది. పొడవు జానెడు, ఎత్తు గోరంత, నష్టం ఒక అంగుళం. జయం లచ్చయ్యది.