కటింగ్ టూల్సుకు పెళ్లి బయోడేటా

మార్కాపురం పలకల పరిశ్రమలో తొలిసారిగా, కంప్యూటర్‌లో కటింగ్ టూల్స్ వివరాలు నింపే బాధ్యతను పెళ్లి సంబంధాలు చూసే పెద్దమనిషికి అప్పగించారు. ఇందులో వింతేమీ లేదు. రాతి మీద అక్షరాలు చెక్కే కొత్త మిషను వచ్చింది. దాని సాఫ్ట్‌వేర్ ప్రతి టూలుకూ పేరేమిటి, పొడవెంత, లావెంత, పళ్లెన్ని అని అడిగింది. ఫ్యాక్టరీ యజమానురాలు గురవమ్మ తెర వంక చూసి, "ఇది బయోడేటానే గదా! పెద్దారవీడు పిచ్చయ్య మామను పిలవండి" అంది.

పిచ్చయ్యకు గడ్డురోజులవి. సంబంధాలన్నీ సెల్‌ఫోన్లలోనే కుదిరిపోతుంటే, ఆయన్ను కాఫీకి పిలిచే ఇల్లు కూడా కరువైంది. మొదటి శిలాఫలకం చక్కగా వస్తే ఉద్యోగం ఖాయమని గురవమ్మ మాటిచ్చింది. అది పోతే ఆయనకు ఇంకో దారి లేదు.

అందుకే ప్రాణం పెట్టి పనిచేశాడు. ఏ టూలునూ తక్కువ చేయలేదు. ప్రతిదాని పొడవుకూ రెండు వేళ్లు కలిపాడు. పన్ను విరిగినదానికి పలువరుస ముత్యాల్లా ఉందన్నాడు. అరిగిపోయినదానిది లేత వయసన్నాడు. మిషను నడిపే రాజేష్ బిత్తరపోయాడు.

"మామా, ఉన్నదున్నట్ల రాయాల. పొడుగు ఎక్కువ రాస్తే మిషను దాన్ని అంత పైనే ఆపుతాది."

"ఉన్నదున్నట్ల రాసింటే నీ పెళ్లి అయ్యేదా అల్లుడా?"

రాజేష్ సంబంధం కుదిర్చింది పిచ్చయ్యే. అతను ఆ కొలతలే మిషనుకు ఎక్కించాడు.

ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి విచ్చేశారు. ఫలకం మీద చెక్కబోయేది ఆయన పేరే. "సోదర సోదరీమణులారా! ఈ యంత్రానికి అబద్ధం తెలియదు!" అని సెలవిచ్చి మీట నొక్కారు.

నిజంగానే తెలియదు. పిచ్చయ్య రాసినదంతా అక్షరం పొల్లుపోకుండా నమ్మింది. ఏ పిల్ల తండ్రీ ఆయన్ను అంతగా నమ్మలేదు. టూలు కిందికి దిగి, రాతికి రెండు వేళ్ల ఎత్తున ఆగి, గాలిని చెక్కడం మొదలుపెట్టింది. వంపులు తిరిగింది, కొమ్ములు పెట్టింది, బిరుదులతో సహా పేరంతా పూర్తిచేసింది. దుమ్ము లేదు, రొద లేదు. ఇదీ అభివృద్ధి అంటే అని జనం చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఫలకం నున్నగా ఉంది.

"ఏంది మామా ఇది?" అంది గురవమ్మ.

"పొడవు కలిపి రాసినానమ్మా. అలవాటు."

ఉద్యోగం అక్కడికక్కడే ఊడింది. పిచ్చయ్యకు ఏడుపొచ్చింది. సంచీ చంకన పెట్టుకుని గేటు దాకా నడిచాడు. అక్కడ ముఖ్య అతిథి ఆయన భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకుపోయారు.

"మిషన్నే నమ్మించినావంటే నువ్వు సామాన్యుడివి కాదు పెద్దాయనా. మావాడికి ఒక సంబంధం చూడు. వయసు నువ్వే చూసి తగ్గించు."

ఆయన వెనక దండలు మోసినవారు, దండలు వేయించుకున్నవారు వరుసగా నిలబడ్డారు. అందరికంటే వెనక, తమ్ముడి ఫొటో కొంగు చాటున పెట్టుకుని గురవమ్మ. పిచ్చయ్య కళ్లు తుడుచుకుని సంచీ తెరిచాడు.

పాఠక మహాశయులు నవ్వుకోవచ్చు. కాకపోతే ముందు తమ పెళ్లినాటి బయోడేటా వెతికి తీసి, గోడకు ఆనుకుని నిలబడి, ఇంట్లోవాళ్ల చేత టేపు పట్టించుకుని, ఆ తర్వాత నవ్వితే మర్యాదగా ఉంటుంది.