వెలితి డబ్బా విజయము

తూర్పున గర్జించు సముద్రమును, పడమట మౌనము దాల్చిన మహేంద్రగిరియును సాక్షులుగా, కొబ్బరి మట్టలు వింజామరలై వీచుచుండ, పలాస బట్టీలలో వేగు జీడిపిక్కల కమురువాసన దిక్కులు నిండుచుండ, వేసవి సూర్యుడు ఉద్దానముపై నిప్పులు చెరుగు ఒకానొక వైశాఖ ప్రభాతమున, సోంపేట చెంతనున్న పల్లెలో, అరువది వేసవుల చెమటను జీడితోటకు ధారపోసిన మహారథి ఢిల్లేశ్వరరావు, ఒక తెల్లని ప్లాస్టిక్ డబ్బాను ఇరుచేతుల నెత్తి భీషణ ప్రతిజ్ఞ గావించెను:

“రేపు ఇదే యేళ వరకూ నా ఒంటేలు ఒక్క సుక్క భూమ్మీద పడదు. అంతా ఇందులోకే!”

నవ్వకుడు, జనులారా! ఉద్దానపు మనుషుల కిడ్నీలను తినుచున్న అదృశ్యరాక్షసుడెవడో కనిపెట్టుటకు వైద్యకళాశాల పెద్దాసుపత్రివారు జరుపు పరిశోధనలో అతడొక యోధుడు. ఒక పగలును ఒక రాత్రియును వచ్చిన మూత్రమంతయు పట్టి ఇచ్చుట అతని యుద్ధధర్మము. అతని అన్న ఆ జబ్బుతోనే పోయెను. ఏల పోయెనో చెప్పగలవాడు నేటికిని లేడు.

అయితే ఇంతకుమునుపు పంపిన మొదటి డబ్బా ఓడినది. ఏల యనగా, ఒకరి గుమ్మమునకు వెలితిపాత్ర పంపుట ఆ యింట తలవంపు. కావున ధర్మపత్ని వరహాలమ్మ సగమే నిండిన డబ్బాను గాంచి సిగ్గిలి, రెండు కొబ్బరిబొండములు కొట్టి, ఆ నీటితో కంఠము వరకు నింపి సాగనంపెను. పరీక్షలో గుట్టు రట్టాయెను. యువవైద్యురాలు సాహిత్య, “మళ్లీ ఇలా అయితే పరిశోధనలోంచి మీ పేరు తీసేయాల్సి వస్తుందండీ” అని పలికెను.

ఇది మలి సమరము, కడపటి సమరము.

మధ్యాహ్నమున శత్రువు చెంబు రూపమున వచ్చెను.

“గ్లాసుడు నీల్లే కదా! నలుగురి డబ్బాల మజ్జిన మన డబ్బా ఏడుపుమొకం ఏసుకుని ఉంటే నాకు నామోసీ కాదేటి?” అని వరహాలమ్మ.

“ఒలే, ముట్టుకున్నావంటే సూడు! అది బిందె కాదు, నా కడుపులో సంగతి!” అని వీరుడు.

సాయంకాలమున తోటలో నున్నవేళ, కటిప్రదేశమున ఉప్పెన పొంగెను. ఎదుట కొబ్బరి మొక్క, ఏండ్ల తరబడి అతని ధారకు అలవాటుపడినది, ఆకులూపి పిలిచెను. పండ్లు బిగబట్టి, మోకాళ్లు కలిపి, కొంగవలె గెంతుచు, ఆ జితేంద్రియుడు ఇల్లు చేరెను. ఒక్క చుక్క రాలలేదు!

మరునాటి ఉషస్సున తుది ఆహుతి నొసగి, మూత బిగించి, బస్సెక్కెను. తోడుగా వరహాలమ్మ తమ్ముడు, బావమరిది తవిటయ్య, పరోపకారమే ప్రాణముగా గలవాడు. పలాసలో బస్సు నిలువగా రెండు సోడాలు త్రాగివచ్చి, అప్పుడు డబ్బాను చూచెను.

“ఏటి బావా, సగమేనేటి! ఇలాగెల్తే మా అప్ప పరువేటైపోద్ది? టెక్కల్లో బస్సు ఆగుద్ది. అలాగెల్లి నింపీసి తెచ్చెత్తాను.”

“నాదే ఉండాలిరా అందులో!”

“నీదైతే ఏటి, నాదైతే ఏటి? మీ పసుల సాల కప్పు నాను నెయ్యలేదా? మీ వరి నాను కొయ్యలేదా? ఈపాటి సాయానికి ఒద్దంటావేటి?”

టెక్కలిలో బస్సాగుటయే తడవు, తవిటయ్య డబ్బాను పట్టెను, ఢిల్లేశ్వరరావు విడువడాయెను. మందరగిరిని చుట్టిన వాసుకివలె డబ్బా ఇటునటు లాగబడుచు, లోన క్షీరసాగరము కాని సాగరము ఘోషించెను.

“ఏటి మావా అది, కల్లేటి? బస్సులో కల్లు తేకూడదు!” అని కండక్టరమ్మ.

“కల్లు కాదమ్మా, నా ఒంటేలు! పెద్దాసుపత్రికి పరిసోదన!”

సముద్రము చీలినట్లు జనము చీలెను. చుట్టూ ఆరు సీట్లు ఖాళీ ఆయెను. ఆ విశాల సామ్రాజ్యమున వీరుడు డబ్బాను తువ్వాలుతో పొట్టకు, పసిబిడ్డను కట్టుకొన్నట్లు కట్టుకొని కూర్చుండెను. ఇంతలో బస్సు కదలగా, తవిటయ్య తన దానమును తనలోనే బిగబట్టి, చెమటలు గ్రక్కుచు వెనుక సీటున కూలబడెను.

ఆసుపత్రిలో సాహిత్య డబ్బాను వెలుతురు కెత్తి చూచెను.

“ఈసారి ఏమీ కలపలేదు కదండీ?”

“సుక్క కలపలేదమ్మా, సుక్క పోనియ్యలేదు. ఎలితే తెచ్చాను. ఈ ఎలితి నాదే.”

“మాకు కావాల్సింది ఈ వెలితేనండీ. ఇంత ఎండలో పనిచేసే మనిషికి ఎంత తక్కువ వస్తోందో, అదే మేం తెలుసుకోవాలి” అని, ఆమె డబ్బాపై అతని పేరు వ్రాసి, లోనికి పంపెను. అన్నకు దక్కని ‘ఏల?’ యను ప్రశ్న తమ్మునికి దక్కినది.

వెనుకనుండి ఒంటికాలిపై గెంతుచు తవిటయ్య: “మరి నా దాన్నేటి సెయ్యాలమ్మా?”

“అటు చివర మరుగుదొడ్డి ఉందండీ.”

ఆకాశమున దుందుభులు మ్రోగలేదు. మరుగుదొడ్డిలో నీళ్ల పంపు మాత్రము మ్రోగెను. ఉద్దానమా, వినుము! కొబ్బరినీటిని గెలిచి, చెంబును గెలిచి, బంధుప్రేమను గెలిచి, సగము డబ్బా సగము డబ్బాగానే కోట చేరినది!